పెరట్లో ఫ్రెంచి బండి

దిల్‌సుఖ్‌నగర్‌లో మేము చాలా ఏళ్ళు కిరాయికి ఉన్న ఇంటిని కిందటి నెల కూల్చేశారు. అక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ వస్తుందట. కూల్చడానికి వారం ముందు ఇంటి ఓనరు నర్సింహ పటేల్ గారి కూతురు అరుణ ఫోన్ చేసింది. "అక్కా, అటక మీద మీయి ఏమో పుస్తకాలున్నయి. జర ఒచ్చి చూసుకుంటవా? లేకుంటే పాతపేపర్ల పోతయి" అంది. మెట్రో దిగి, ఆ సందు గుర్తుపట్టడానికే రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అటక మీద మావి అని చెప్పుకోదగ్గవి మూడే ఉన్నాయి. మా అమ్మ పంచాంగాల కట్ట, నా ఇంటర్మీడియట్ నోటు పుస్తకాలు, వాటి మధ్య అట్ట ఊడిపోయిన ఒక ఫ్రెంచి పుస్తకం. పుస్తకం అంచుల్ని చెదలు తినేశాయి. తినని చోటల్లా నల్లటి గ్రీజు వేలిముద్రలు. ప్రతి పేజీలోనూ పెన్సిలుతో నా పదిహేడేళ్ళనాటి గుండ్రటి తెలుగు రాత. ఒకచోట "కొవ్వొత్తులు అంటే ప్లగ్గులు" అని ఉంది. ఇంకోచోట "ఆట కాదు, సందు" అని రాసి కింద రెండు గీతలు గీసి ఉంది.

"గిదేంది అక్కా?" అంది అరుణ, నా భుజం మీదుగా చూస్తూ.

"నువ్వు పుట్టిన బండి పుస్తకం" అన్నాను.

అరుణ దాన్ని తీసుకుని ఒక గ్రీజు ముద్ర మీద తన వేలు పెట్టి చూసింది. తను ఆ కారులో పుట్టిన సంగతి తెలుసు గానీ, తర్వాత దాన్ని మా నాన్న ఎట్లా లేపాడో తనకు సగమే తెలుసునట. "నువ్వు రాస్తవు కద. గది రాసిపెట్టు" అంది. ఇంటికొచ్చాక నాకూ అనిపించింది, నాకే సగం తెలుసేమోనని. అందుకే రాస్తున్నాను.

మా వాళ్ళది రేపల్లె దగ్గర ఒక ఊరు. నాన్నకు బస్సు డిపోలో మెకానిక్ ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాం. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్ అంటే మెయిన్ రోడ్డు, దాని వెనక నాలుగు కాలనీలు, కాలనీల వెనక రాళ్ళూ తుమ్మచెట్లూ. ఎల్బీ నగర్ చౌరస్తా దాటితే పొలాలే. పటేల్ గారిది ఆ చౌరస్తా అవతలి ఊరు. మా ఇల్లు ఉన్న స్థలం కూడా ఒకప్పుడు వాళ్ళ జొన్నచేనే. ఆయన నెలకోసారి వచ్చి, గేటు దగ్గరే నిలబడి చేతికర్రతో రెండుసార్లు ఇనప కడ్డీ మీద కొట్టేవారు. లోపలికి రమ్మంటే వచ్చేవారు కాదు. సంచిలో తెచ్చిన బెండకాయలో జామకాయలో అమ్మకిచ్చి, "ఏం తకలీఫు లేదు కదమ్మా? నల్లా ఒస్తున్నదా?" అని అడిగి వెళ్ళిపోయేవారు.

మా ఇంట్లో తెల్లవారడం అంటే నల్లా నీళ్ళ చప్పుడు, కాఫీ డికాక్షన్ వాసన, నాన్న గడ్డం గీసుకుంటూ పెట్టుకునే రేడియో. డిపోలో నాన్నకు ఒక పేరుండేది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. అర నిమిషంలో ఏ బేరింగు పోయిందో, ఏ వాల్వు తేడాగా ఉందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. సెలవు రోజుల్లో కూడా డిపోవాళ్ళు మనిషిని పంపి పిలిపించుకునేవారు. అమ్మ విసుక్కునేది గానీ, ఆ విసుగులో కొంచెం గర్వం ఉండేది. పక్కింటావిడ దగ్గర, "ఈయన లేకపోతే అక్కడ బస్సు కదలదు" అనేది.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆ పిలుపులు ఆగిపోయాయి. నాన్న వేళకి ముందే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. బట్టలకు గ్రీజు ఉండేది కాదు. నడుం నొప్పనీ, బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడనీ, అందుకని స్టోర్స్‌లో సామాన్లు రాసే పనిలో వేశారనీ చెప్పాడు. మేం నమ్మాం. ఆ నొప్పితోనే మనిషి మారిపోయాడనుకున్నాం. పిలిస్తే పలికేవాడు కాదు. అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పేవాడు. లేకపోతే ఊరికే తల ఊపేవాడు. రేడియో మాత్రం వీధి చివరికి వినబడేట్టు పెట్టేవాడు. సెట్టులోనే ఏదో లోపం ఉందని దాన్ని మూడుసార్లు విప్పి బిగించాడు. అమ్మ మొదట కోప్పడింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత ఆయనతో మాట్లాడటమే మానేసింది. "గోడతో మాట్లాడితే మేలు" అని నాతో అంది. అప్పట్నించి నాన్నకు చెప్పాల్సిందంతా నా చేత చెప్పించేది. "నాన్నని భోజనానికి రమ్మను." "బియ్యం అయిపోయాయని చెప్పు." నేను ఆయన ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పేదాన్ని. గట్టిగా ఎందుకు చెబుతున్నానో నాకే తెలియదు. ఇంట్లో అందరికీ అరిచి మాట్లాడటం అలవాటైపోయింది. పక్కింటివాళ్ళు మేం రోజూ పోట్లాడుకుంటున్నామనుకునేవారు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం పటేల్ గారు పొలంలో పంపుసెట్టు మోటారు మొరాయిస్తోందని నాన్నను తీసుకెళ్ళారు. చదువుకుని చదువుకుని తలనొప్పిగా ఉందని నేనూ వెంటపడ్డాను. మోటారు పని అరగంటలో అయిపోయింది. చేతులు కడుక్కోవడానికి కొట్టం వైపు వెళ్ళిన నాన్న అక్కడే ఆగిపోయాడు. గడ్డి కింద నుంచి రెండు గుండ్రటి హెడ్‌లైట్లు కప్ప కళ్ళలా బయటికి చూస్తున్నాయి. నాన్న గడ్డి లాగడం మొదలుపెట్టాడు. రేకుల షెడ్డు కప్పులా ముడతలు ముడతలుగా ఉన్న బానెట్టు, చిరిగి చీలికలైన గుడ్డ టాపు, లోపల కోళ్ళు. అట్లాంటి కారు నేనెప్పుడూ చూడలేదు. నాన్నా చూడలేదు.

"గది డాక్టరమ్మ బండి సార్" అన్నారు పటేల్ గారు. "పాండిచ్చేరి నుంచి ఒచ్చింది ఆమె. గీ ఊర్లల్ల ఎడ్లబండి పోని తొవ్వల గుడ గీ బండి ఏసుకోని తిరిగేది. మా అరుణ పుట్టేటప్పుడు దవాఖానకు తీస్కపోతుంటే, దవాఖాన దాంక ఆగలే. పెద్ద అంబర్‌పేట్ కాడ, గీ ఎనక సీట్లనే పుట్టింది. తర్వాత ఆమెకు తబియత్ బాగలేక వాళ్ళ ఊరికి పోయింది. మళ్ళొస్త, అందాక నీ కాడ ఉంచు పటేలా అన్నది. రాలే. పోయిందని ఉత్తరం ఒచ్చింది."

"ఇప్పుడు దీన్ని ఏం చేస్తారు?" అన్నాను నేను. నాన్న ఆయన చెప్పిందేమీ విననట్టు బానెట్టు గొళ్ళెం వెతుకుతున్నాడు.

"ఏం జేస్త బిడ్డా. పొలం ప్లాట్లు అయితున్నది. కొట్టం పీకేస్తరు. తుక్కోళ్ళు బుధవారం ఒస్తమన్నరు." పటేల్ గారు చేతికర్రతో నేల మీద గీతలు గీస్తూ అన్నారు. "మా ఇంటామె రెండు దినాల సంది అన్నం సక్కగ తింటలేదు."

నాన్న బానెట్టు ఎత్తాడు. చాలాసేపు లోపలికి చూశాడు. "దీనికి నీళ్ళు పోసే చోటే లేదు" అన్నాడు, తనలో తను అనుకున్నా మామూలుగానే గట్టిగా. "రేడియేటర్ లేకుండా ఇంజనేంటి?" చాలా నెలల తర్వాత నాన్న ముఖంలో ఆ కుతూహలం చూశాను. ఆ తర్వాత సీటు కింద చెయ్యి పెట్టి ఒక పుస్తకం లాగాడు. నా వైపు తిరిగి అడిగాడు. "చిన్నీ, నువ్వు చదివేది ఫ్రెంచే కదూ?"

ఇక్కడ నిజం చెప్పాలి. నేను ఫ్రెంచి తీసుకున్నది మార్కుల కోసం. మా కాలేజీలో సగం మంది అంతే. నా పేరు చెప్పడం, పిల్లి బల్ల కింద ఉందనడం, సెలవుల్లో సముద్రానికి వెళ్ళామని ఒక ఉత్తరం రాయడం, అంతవరకే నా పాండిత్యం. కానీ ఆయన అడిగిన తీరు చూసి అవునన్నాను. నాన్న పటేల్ గారి దగ్గరికి వెళ్ళి, "దీన్ని నాకివ్వండి. నడిపించి తెచ్చి మీ ఇంటి ముందు నిలబెడతాను" అన్నాడు.

"సారూ, గది ఇప్పుడు బండి కాదు, కోళ్ళ గూడు" అన్నారు పటేల్ గారు. అన్నారు గానీ, మర్నాడు పొద్దున్నే తన ట్రాక్టరు ట్రాలీలో దాన్ని తాళ్ళతో కట్టి స్వయంగా తెచ్చి, తను గేటు దగ్గరే నిలబడి మా పెరట్లో దింపించారు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంట్లో మనుషులతో మాట్లాడ్డానికి తీరిక లేదు గానీ దీనికి తీరికుందా, అడుగు" అంది నాతో. నేను అడగలేదు.

అట్లా మొదలైంది. నాన్న డిపో నుంచి వచ్చి లుంగీ కట్టుకుని పెరట్లోకి వెళితే దీపాలు పెట్టేవేళదాకా అక్కడే. మొదటి నెలంతా శుభ్రం చేయడమే. వేడిగాలి వచ్చే గొట్టాల్లో ఎలుకలు గూళ్ళు కట్టుకున్నాయి. నేల రేకు కాలు పెడితే కిందికి దిగిపోయేట్టుంది. దాన్ని కోసేసి, గేట్లు చేసే వెల్డింగ్ షాపులో కొత్త రేకు అతికించారు. సీట్లు చూసి మాకు నవ్వొచ్చింది. ఇనప గొట్టాల చట్రం మీద రబ్బరు పట్టీలు లాగి కట్టి, పైన గుడ్డ వేశారంతే. రబ్బరంతా పొడైపోయింది. నాన్న సైకిలు ట్యూబులు కోసి వాటి స్థానంలో నేశాడు, నవ్వారు మంచం నేసినట్టు. టాపు గుడ్డను ఆటోలకు హుడ్డు కుట్టే ఆయన నల్ల రెక్సిన్‌తో కుట్టిచ్చాడు. కిరసనాయిలు వాసన పెరట్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి అన్నంలోకి వచ్చేసిందని అమ్మ అనేది. నిజంగానే ఆ రోజుల్లో మా ఇంటి పప్పుకు కొద్దిగా గ్యారేజీ రుచి ఉండేది.

ఇంజను పట్టేసి ఉంది. హ్యాండిలు పెట్టి తిప్పితే రవ్వంత కూడా కదల్లేదు. నాన్న పుస్తకం నా ముందు పెట్టి, ఇక్కడేముందో చూడమన్నాడు. నేను కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చిన నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని మాట మాట వెతికి చదివాను. "మొదట కొవ్వొత్తులు విప్పి తీయాలి అని ఉంది నాన్నా."

"ఏంటీ?"

"కొవ్వొత్తులు" అని అరిచాను.

నాన్న నా నోటి వంక చూశాడు. తర్వాత ఇంజను వంక చూశాడు. "వెలిగేవి కదా, ప్లగ్గులు అయ్యుంటాయి" అన్నాడు. విప్పి, ఆ కన్నాల్లో డీజిలు, కిరసనాయిలు కలిపి పోశాడు. రోజూ కాస్త పోయడం, రోజూ హ్యాండిలు మీద కాస్త బరువు వేయడం. పన్నెండో రోజున అది వేలెడంత కదిలింది. నాన్న నన్ను చూసి వేలు ఎత్తి చూపించాడు, ఇంత అని.

ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు ఎక్కడున్నాయో నాలుగు రోజులు వెతికాడు. ఏ బండికైనా అవి ఉండే డిస్ట్రిబ్యూటర్ అని ఒకటి పైకి కనబడుతూ ఉంటుందట, దీనికి లేదు. చివరికి నేనే పుస్తకంలో పట్టుకున్నాను. ఫ్యాను వెనక, అని ఒక్క మాట ఉంది. ఫ్యాను ఊడదీస్తే దాని వెనక చిన్న డబ్బాలో ఉన్నాయి. ఆ రోజు నాన్న నా తల మీద చెయ్యి పెట్టాడు, గ్రీజు చెయ్యే. ఇంకో రోజు వాల్వుల దగ్గర "ఆట" అని ఒక మాట వచ్చింది. ఆట ఎంత ఉండాలో అంకెలు కూడా ఇచ్చారు. ఇంజనులో ఆటేంటని నేను బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే నాన్న అన్నాడు. "ఆట కాదమ్మా, ప్లే. రెండిటి మధ్య వదలాల్సిన సందు. బొత్తిగా లేకపోతే పట్టేస్తుంది, ఎక్కువైతే కొట్టుకుంటుంది." అట్లా మేమిద్దరం పెరట్లో రోజూ మాట్లాడుకునేవాళ్ళం. అమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేది. నాతో మాట్లాడే మనిషి తనతో ఎందుకు మాట్లాడడో ఆమెకు అర్థమయ్యేది కాదు. నేను ఎప్పుడూ ఆయన ఎదురుగా, నిఘంటువు పట్టుకుని కూర్చునేదాన్నన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

ఇంజను మొదటిసారి లేచింది ఒక శనివారం మధ్యాహ్నం. హ్యాండిలు పదిసార్లు తిప్పాడు. పదకొండోసారికి దగ్గింది, తుమ్మింది, తెల్లటి పొగ కక్కి నిలబడింది. నేను గంతులేశాను. నాన్న మాత్రం ముఖం గంభీరంగా పెట్టుకుని, "నువ్వు విను. ఎట్లా ఉందో చెప్పు" అన్నాడు.

"నాకేం తెలుసు నాన్నా?"

"నేర్చుకోవాలి కదా. విని చెప్పు."

నాకు తెలిసిన చప్పుళ్ళన్నీ వంటింటివే. "పోపులో ఆవాలు చిటపటలాడినట్టుంది" అన్నాను.

"వరసగానా, ఆగి ఆగి వస్తుందా?"

"వరసగానే. ఎడమవైపు ఎక్కువ."

ఆయన ఎడమవైపు మూత విప్పి సందు సరిచేశాడు. మళ్ళీ లేపాడు. మళ్ళీ నేను విన్నాను. ఇప్పుడు రోట్లో నువ్వులు నూరుతున్నట్టుందన్నాను. ఆయన తల ఊపాడు. నాకు పని నేర్పుతున్నాడనుకుని పొంగిపోయాను. ఆడపిల్లకు ఇంజను నేర్పే తండ్రి మా కాలనీలో ఇంకెవరికి ఉన్నాడు? నేను చెప్పే ప్రతి మాటకూ ఆయన నా పెదవుల వంక అంత కన్నార్పకుండా ఎందుకు చూసేవాడో అప్పుడు ఆలోచించలేదు.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ చపాతీ పిండి కలిపి పెట్టుకుని అప్పడాల కర్ర కోసం వంటిల్లంతా వెతికింది. కనబడలేదు. పెరట్లో ఇంజను నడుస్తోంది. నేను డ్రైవరు సీట్లో కూర్చుని నాన్న చెప్పినట్టు కాలు నొక్కుతూ వదులుతూ ఉన్నాను. బానెట్టు తెరిచి ఉండటంతో ఆయన నాకు కనబడటం లేదు. అమ్మ విసవిసా వచ్చి ఆయన వెనక ఆగింది. బానెట్టు పక్కనుంచి తల చాపి, ఇంజను ఆపమని నాకు చేత్తో సైగ చేసింది. ఆపేసి దిగి వచ్చాను. అప్పుడు చూశాను. నాన్న ఇంజను మీదికి వంగి ఉన్నాడు. అప్పడాల కర్ర ఒక కొస ఇంజను మీద ఉంది, రెండో కొస ఆయన పళ్ళ మధ్య ఉంది. ఆగిన ఇంజనులో ఏదో చూసుకుంటూ, కర్ర నోట్లోంచి తీయకుండానే స్పానరు కోసం పక్కకి చెయ్యి చాపాడు.

"ఏమండీ" అంది అమ్మ.

ఆయన వెనక్కి తిరగలేదు. స్పానరు అందుకుని ఒక నట్టు బిగించుకుంటున్నాడు.

"ఏమండీ. మిమ్మల్నే."

పెరట్లో ఎక్కడా చప్పుడు లేదు. దండెం మీద బట్టలు కూడా కదలడం లేదు. అమ్మ ఆయనకు మూరెడు దూరంలో ఉంది. మూడోసారి పిలవడానికి నోరు తెరిచి, మూసేసింది. నా వంక చూసింది. ఆమె ముఖం ఎట్లా మారిందో నేను చెప్పలేను. రెండేళ్ళ కోపమంతా ముఖంలోంచి ఒక్కసారిగా దిగిపోతే కింద ఏముంటుందో అది ఉంది. చెంగుతో చేతులకంటిన పిండి తుడుచుకుంది. మెల్లగా కారు చుట్టూ తిరిగి వెళ్ళి, ఇంజను అవతల ఆయన కళ్ళకు ఎదురుగా నిలబడింది.

నాన్న తలెత్తాడు. కర్ర నోట్లోంచి తీశాడు, దొంగతనం పట్టుబడినట్టు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది అమ్మ. గట్టిగా కాదు, పెదవులు కదిలేట్టు.

ఆయన కర్రను లుంగీతో తుడిచాడు. "రెండేళ్ళు దాటింది" అన్నాడు చివరికి. "మెల్లమెల్లగా తగ్గిపోయింది రాజ్యం. ఒక బస్సు చూసి బాగుందని పంపాను. దారిలో ఇంజను ముక్కలైంది. ఎవరికీ ఏమీ కాలేదులే. అప్పుడు తెలిసింది డిపోవాళ్ళకి. పరువు పోకుండా స్టోర్స్‌లో కూర్చోబెట్టారు."

"నడుం నొప్పి?"

"లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే నిజమైపోతుందనుకున్నాను" అన్నాడు నాన్న. ఆ మాట ఆయన ఎప్పటిలాగే వీధికంతా వినబడేట్టు అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆయనకి తెలియదు. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, మళ్ళీ తల దించుకుంది.

అమ్మ కర్ర వంక చూపించి, "దీంతో వినబడుతుందా?" అని సైగ చేసింది.

"చెవికి ఆనిస్తే లేదు. పళ్ళతో పట్టుకుంటే పూర్తిగా వినబడుతుంది. మునుపట్లాగే." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఎందుకో నాకూ తెలియదు. స్క్రూడ్రైవర్ ఎముకకి ఆనిస్తే కొంచెం తెలిసేది. కొయ్య అయితే బాగుంటుందేమోనని ఇది తీసుకున్నాను."

అమ్మ ఆ కర్రను ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. ఆమెకు ఆ ఆలోచన ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. కర్ర మళ్ళీ పళ్ళతో పట్టుకోమని ఆయనకి చూపించింది. తనూ ముందుకు వంగి, రెండో కొసను తీసుకుని తన గొంతు మీద, గవద కింద, గట్టిగా ఆనించుకుంది. వాళ్ళిద్దరి మధ్య ఆ ఇంజను, దాని మీదుగా ఆ కర్ర. ఏదో పెద్ద మాట చెబుతుందనుకున్నాను.

"చపాతీలు చేయాలి. కర్ర కడిగి ఇవ్వండి" అంది.

నాన్న కళ్ళు పెద్దవయ్యాయి. కర్ర వదల్లేదు. ఇంకోసారి చెప్పమన్నట్టు చేత్తో అడిగాడు. అమ్మ మళ్ళీ అదే చెప్పింది. నేను ఇంట్లోకి వెళ్ళిపోయాను. నాకు అక్కడ పని లేదనిపించింది. ఆ పూట మేం చపాతీలు తినలేదు. పిండి అట్లాగే పులిసిపోయింది.

పటేల్ గారికి సంగతి తెలిసినప్పుడు ఆయన మొదటిసారి గేటు దాటి లోపలికొచ్చి మా మడత కుర్చీలో కూర్చున్నారు. "సారూ, గట్లైతే దవాఖానల చూపియ్యాలె గదా. ఇన్నొద్దులు దాచుకుంటరా ఎవరన్న?" అన్నారు. బ్రేకులు పట్టాక, రంగు వేయకముందే, ఆ వారంలోనే ఆ బండిలోనే బయల్దేరాం. మొదట ఎల్బీ నగర్ అవతల పటేల్ గారింటికి బండిని తీసుకెళ్ళి చూపిద్దామని నాన్న అన్నాడు. పటేల్ గారు ఒప్పుకోలేదు. "ముందుగాల దవాఖానకే పోదాం. గీ బండికి గదే అలవాటు" అన్నారు.

చెవి డాక్టరు ఒక ఇనప ఫోర్కును మోగించి చెవి దగ్గర పెట్టాడు, తర్వాత చెవి వెనక ఎముక మీద పెట్టాడు, మళ్ళీ చెవి దగ్గర పెట్టాడు. చెవి లోపల మూడు చిన్న ఎముకలుంటాయనీ, వాటిలో చివరిది బిగుసుకుపోయి కదలడం లేదనీ, లోపలి నరం మాత్రం బాగానే ఉందనీ కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. నాన్న ఆ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. "అంటే ఇంజను బాగుంది. వాల్వును కదిలించే రాకర్ పట్టేసింది" అన్నాడు. డాక్టరు నవ్వి, అంతే అన్నాడు. ఒక చెవికి ఆపరేషన్ చేశారు. రెండోది చేయించుకోలేదు. ఒకటి చాలన్నాడు నాన్న.

కట్టు విప్పాక ఆయన్ను ఇంటికి తెచ్చిన రోజు గుర్తుంది. నల్లా చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు. కుక్కరు కూతకి లేచి నిలబడ్డాడు. మేం మామూలుగానే అరిచి మాట్లాడుతుంటే చెవి మూసుకుని, "ఎందుకట్లా కేకలేస్తారు?" అన్నాడు. ఆయన గొంతు తగ్గిపోయింది. ఎంత తగ్గిందంటే, ఇప్పుడు ఆయన ఏమన్నాడో మాకు వినబడక "ఏంటీ?" అని అడగాల్సి వచ్చేది. అరవడం మానుకోవడానికి మా ఇంటికి ఆర్నెల్లు పట్టింది.

బండికి బూడిద రంగు నాన్నా నేనూ బ్రష్షులతోనే వేశాం. గీతలు పడ్డాయి, అయినా వేశాం. అన్న మాట ప్రకారం పటేల్ గారి ఇంటి ముందు తీసుకెళ్ళి నిలబెట్టాడు నాన్న. పటేల్ గారి భార్య లచ్చమ్మ గారు బయటికొచ్చి వెనక సీటు తలుపు తీసి ఎక్కి కూర్చున్నారు. సైకిలు ట్యూబుల సీటు కిర్రుమంది. సీటు మీద అరచేత్తో రాస్తూ, "గీడనే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకున్నది. భయపడకు లచ్చమ్మా, నీకంటె ముందు నేను ఏడుస్త, సూడు, అన్నది. నవ్విచ్చింది నన్ను" అన్నారు. తర్వాత నాన్నతో, "ఒక్కపారి పెద్ద అంబర్‌పేట్ దాంక పోదాం సారూ" అన్నారు. పోయాం. రోడ్డు పక్క ఒక చింతచెట్టు దగ్గర ఆపమన్నారు. దిగలేదు. కిటికీలోంచి చూసి, ఇక పోదాం అన్నారు. ఆ చెట్టు ఇప్పుడు లేదు. రింగు రోడ్డు ఎక్కేది అక్కడి నుంచే.

బండి పటేల్ గారిదే, కానీ చాలా ఏళ్ళు మా పెరట్లోనే ఉంది. ఇప్పుడు నాదర్‌గుల్‌లో అరుణ ఇంటి షెడ్డులో ఉంది. నెలకోసారి లేపుతుందట. పైన శిక్షణ విమానాలు తిరుగుతుంటే కింద ఇది చిటపటలాడుతుందని నవ్వుతుంది. నా కారును ఈ మధ్య సర్వీసుకిస్తే, కుర్రాడొకడు వైరు గుచ్చి తెర మీద చూసి మూడు నిమిషాల్లో లోపం చెప్పేశాడు. చెవి ఆనించలేదు, కళ్ళు మూసుకోలేదు. మా నాన్న కంటే అతను సరిగ్గానే చెప్పి ఉంటాడు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ రెండేళ్ళు మా ఇంట్లో ఏం పట్టేసిందో కనిపెట్టడానికి తీగ గుచ్చే చోటు ఎక్కడుండేదో నాకు తెలియదు. అదంతా అమ్మ పెరట్లో నాలుగడుగులు వేసి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడితే తేలింది. ఆ నాలుగడుగులు మేం ముందే వేసి ఉండాల్సింది. వేయలేదు. కోపం వచ్చిన మనిషి ఎదటికి వెళ్ళదు, వెనకనుంచే పిలుస్తుంది.

నాన్నను మళ్ళీ ఇంజను పనిలోకి తీసుకున్నారు. రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. ఆపరేషన్ అయిన చెవి చివరిదాకా బాగానే పనిచేసింది. వంటింట్లో గిన్నె పడితే మేడ మీంచి ఏ గిన్నో చెప్పేవాడు. అయినా అమ్మ ఆయన్ను ఏనాడూ వెనకనుంచి పిలవలేదు. కాఫీ తాగుతారా అని అడగాలన్నా పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, గది దాటి, ఆయన పేపరు చదువుకునే చోటికి వెళ్ళి, ముఖం ఎదురుగా నిలబడి అడిగేది. ఆమె మోకాళ్ళు నొప్పులు పట్టాక కూడా అంతే. ఒకసారి నేను విసుక్కున్నాను. "నాన్నకి ఇప్పుడు బాగా వినబడుతోంది కదమ్మా, ఇక్కడినుంచి ఒక కేక వెయ్యరాదూ?"

"వినబడుతుందని తెలుసులే" అంది అమ్మ. గోడ పట్టుకుని లేచి, చెంగు సర్దుకుని, ఆయన ఉన్న గదిలోకి నడిచింది.